ఓర్చినమ్మకు తేటనీరు

(చదువవలసిన భాగములు: యాకోబు 5:1–11, లూకా 18:1–8)



మన పల్లెలలో మిక్కిలి తరచుగా వినబడు ఉపదేశము ఏది అని ఎవరైన అడిగినయెడల, అది ప్రసంగపీఠము నుండి వచ్చునది కాదని మేము చెప్పుదుము. అది ఒకే ఒక మాట: "ఓర్చుకో." బిడ్డను పాతిపెట్టి ఇంటికి వచ్చిన తల్లితో ఈ మాటయే చెప్పుదురు. భద్రాచలము ఆసుపత్రి వరండాలో మూడు దినములుగా కూర్చున్న వానితో ఈ మాటయే. చేసిన కూలికి డబ్బులు రాలేదని గొణుగు వానితో ఈ మాటయే. త్రాగివచ్చిన భర్తచేత దెబ్బలు తిని, తెల్లవారకముందే పుట్టింటి దారి పట్టిన ఆడుబిడ్డతోను ఈ మాటయే. నలుగురి కష్టములు నాలుగు విధములు. మందు మాత్రము ఒక్కటే. ఏ జ్వరమునకైనను ఒకే మాత్ర ఇచ్చు వైద్యుని మనము నమ్ముదుమా? మలేరియాకు ఒక మందు, టైఫాయిడుకు వేరొక మందు అని మన ఏజెన్సీ గ్రామములలో చిన్నపిల్లలకును తెలియును.

ఓర్పు దేవుని వాక్యములో గొప్ప మాట. దానిని ఎవరును తక్కువ చేయరాదు. అయితే అది ఎవరి నోట దేవుని మాటగా నుండును, ఎవరి నోట "మమ్మును విసిగించకుము" అను మాటకు మారుగా నుండును, ఇది మనము అడుగవలసిన ప్రశ్న.

మొదట మన తెలుగు మాటలనే చూతము. ఓపిక అను మాటకు మన ఇండ్లలో రెండర్థములు గలవు. "ఆమెకు ఓపిక ఎక్కువ" అన్నప్పుడు శాంతమని అర్థము. "ఒంట్లో ఓపిక లేదు" అన్నప్పుడు బలమని అర్థము. జ్వరము నుండి లేచిన వానికి నాలుగు దినములు గంజి త్రాగించి "ఇప్పుడు కొంచెము ఓపిక వచ్చింది" అందుము. అనగా మన పెద్దల ఎరుకలో శాంతమును బలమును ఒకే చెట్టు కాయలు. బలము వాడుకొనిన కొలది తరుగును, అన్నము పెట్టిన కొలది పెరుగును; ఓపికయు అంతే. కాబట్టి ఒకరికి ఓపిక లేదని నిందించుటకు ముందు, వారు తినిరా, నిద్రించిరా అని అడుగుట మంచిది. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దేవుని దూత వచ్చి ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును పెట్టెను, మరల పండుకొననిచ్చెను, మరల లేపి పెట్టెను. ప్రశ్నలు తరువాత వచ్చినవి.

ఓర్చు అను మాట ఇంకను విశేషమైనది. పాత కావ్యభాషలో ఈ క్రియకు సహించుట అనియే గాక జయించుట అనియు అర్థము గలదు. శత్రువును ఓర్చెను అనగా శత్రువును గెలిచెనని. నిఘంటువులు నేటికిని ఈ రెండర్థములను ప్రక్కప్రక్కనే చూపుచున్నవి. వాడుకలో మనము రెండవదానిని పోగొట్టుకొని మొదటిదానినే ఉంచుకొంటిమి. ఇది భాషకు కలిగిన నష్టము మాత్రమే కాదని మా తలంపు.

క్రొత్త నిబంధనకు వచ్చినయెడల, మన బైబిలులో లూకా 8:15లో ఓపిక అనియు, రోమా 5:3లో ఓర్పు అనియు, యాకోబు 5:11లో యోబు విషయమై సహనము అనియు ఉన్న మాట గ్రీకు మూలములో ఒక్కటే. అది హుపొమొనే. హుపొ అనగా క్రింద, మొనే అనగా నిలిచియుండుట. బరువు క్రింద కాలు కదల్చక నిలిచియుండుట అని దాని భావము. దీర్ఘశాంతము అను మాట వేరు. అది మక్రొథుమియా, మనుష్యుల విషయములో త్వరగా కోపపడకుండుట. ఈ రెంటిలో దేనికిని పడియుండుట అని అర్థము లేదు. మన ఊళ్లలో కోడలికి చెప్పు మాట "పడి ఉండు" అని. చూడుడి, ఒకటి నిలిచియుండుట, మరియొకటి పడియుండుట. హెబ్రీ పత్రిక 12:1 ఓపికను ఎవరికి చెప్పుచున్నది? కూర్చున్నవారికి కాదు, పందెములో పరుగెత్తువారికి.

ఇప్పుడు ఈ వ్యాసమునకు పేరుగా పెట్టిన సామెతను తలంచుకొందము. ఓర్చినమ్మకు తేటనీరు. దీనిని పట్టణపువారు నీతిమాటగా విందురు. మన ఊళ్లలో అది కండ్లకు కనబడు పని. ఎండకాలము వచ్చి బోరింగులు ఎండినప్పుడు మన స్త్రీలు కిన్నెరసాని, తాలిపేరు వంటి వాగులలోనికి బిందెలు తీసికొని పోవుటయు, ఇసుకలో చెలమ త్రవ్వుటయు అనేకులు చూచినదే. మొదట మోకాలు లోతున ఇసుక తోడవలెను. తేమ తగులును. ఇంకను తోడగా నీరు ఊరును. అయితే ఆ నీరు బురద. దానిని గిన్నెతో ఎత్తి పారబోయవలెను. మరల ఊరును, మరల పారబోయవలెను. అప్పుడు, అప్పుడు మాత్రమే, చేయి తీసి ప్రక్కన కూర్చుండవలెను. మట్టి అడుగునకు దిగును, నీరు అద్దమువలె తేరును. తొందరపడి బిందె ముంచిన ఆమెకు బురదయే. ఓర్చిన ఆమెకు తేటనీరు.

ఈ సామెతలో కూర్చుండుట చివరి పని, మొదటి పని కాదు. త్రవ్వని ఆమె ఎంత ఓర్చినను ఇసుకయే. "దేవుడే చూచుకొనును" అని వాగు గట్టున కూర్చున్నయెడల అది ఓర్పు కాదు, దాహము మాత్రమే.

మరియొక సంగతి గలదు. ఒక స్త్రీ చెలమ త్రవ్వి, బురద ఎత్తిపోసి, కూర్చున్నది. ఎవరిదో ఒక బర్రె వచ్చి ఆ చెలమలోనే దిగి పొర్లాడుచున్నది. గట్టు మీద నలుగురు పెద్దమనుష్యులు నిలువబడి "ఓర్చుకో అమ్మా, తేటనీరు వచ్చును" అనుచున్నారు. ప్రియులారా, వచ్చునా? బర్రె పొర్లుచుండగా నీరు నూరేండ్లకైనను తేరదు. ఆమెకు కావలసినది ఓర్పు కాదు. ఒక కర్ర, దానిని పట్టుకొని దిగు ఒక మనిషి. నాలుగు కష్టములకు ఒకే మాట చెప్పు మన వాడుకలో ఉన్న లోపమంతయు ఇక్కడనే యున్నది. నీరు తేరుటకు కాలము పట్టుట వేరు. నీటిని ఎవరో కలుపుచుండుట వేరు. మొదటిదానికి ఓర్పు తప్ప మార్గము లేదు. రెండవదానికి ఓర్పు అని పేరు పెట్టుట గట్టు మీదివారికి సుఖముగా నుండును గాని, ఆమెకు మంచినీరు తెచ్చిపెట్టదు.

మాకు తెలిసిన ఒక గ్రామములో ఒక సహోదరి భర్త ప్రతిరాత్రి త్రాగివచ్చి ఆమెను కొట్టుచుండెను. ఇది ఆరేడేండ్లుగా ఊరంతటికి తెలిసిన సంగతి. ఆమె పుట్టింటికి పోయిన ప్రతిసారియు ఇద్దరు ముగ్గురు పెద్దలు పోయి, "ఓర్చుకో బిడ్డా, ఆడదానివి, పిల్లలున్నరు" అని నచ్చజెప్పి తీసికొని వచ్చుచుండిరి. వారు చెడ్డవారు కారు. పేతురు మొదటి పత్రిక తెరచి 2వ అధ్యాయములో అన్యాయముగా శ్రమపడుటను గూర్చియు, 3వ అధ్యాయము మొదటి వచనములో భార్యలను గూర్చియు చదివి వినిపించిరి. ఆమె ఒకనాడు మాతో, "అయ్యగారూ, ఇంకెన్నాళ్లు ఓర్చుకోమంటరు? నేను ఓర్చుకుంటున్న కొద్దీ ఆయన చెయ్యి పెద్దదైతున్నది" అనెను.

మేము ఆ పెద్దలతో కూర్చుండి అదే పత్రిక మరల చదివితిమి. 3వ అధ్యాయములో ఆరు వచనములు చదివి ఏడవదాని యొద్ద ఆగుట ఎందుకు? ఏడవ వచనము భర్తలతో మాటలాడుచున్నది. భార్యను సన్మానింపని వాని ప్రార్థనలకు అడ్డము కలుగునని పేతురు అక్కడ హెచ్చరించుచున్నాడు. ఇక 2వ అధ్యాయములోని దాసుల సంగతి. ఆ కాలపు రోమా సామ్రాజ్యములో దాసునికి యజమానుని విడిచిపోవు మార్గము లేదు, అతని పక్షముగా నిలుచు సంఘపెద్దకు న్యాయస్థానములో చోటు లేదు. తప్పించుకొనలేని వారికి పేతురు ధైర్యము చెప్పెను. తప్పింపగలిగి కూర్చున్నవారికి ఆయన ఆ వచనమును సాకుగా ఇయ్యలేదు. మన దేశములో 2005లో గృహహింస నుండి స్త్రీలను కాపాడుటకు చట్టము చేయబడినది. 181 అను నంబరునకు ఫోను చేసిన ఏ స్త్రీకైనను సహాయము దొరకవలెను. ఇవి ఉన్న దినములలో పేతురు కాలపు దాసుని మాట మన ఆడుబిడ్డకు చెప్పుట వాక్యమును వంకరగా వాడుటయే.

ఆ సహోదరి నాలుగు నెలలు అన్న ఇంట నుండెను. ఈసారి పెద్దలు ఆమె యొద్దకు పోక, ఆమె భర్త యొద్దకు పోయిరి; ఒకసారి కాదు, వారము వారము. త్రాగుడు మాన్పించు మందు కొరకు అతనిని ఖమ్మము తీసికొనిపోయిరి. అతడు పూర్తిగా మారెనని మేము వ్రాయలేము. ఆమె తిరిగి వచ్చుటకు తానే మూడు షరతులు పెట్టెను, పెద్దలు వాటికి సాక్షులుగా నుండిరి. ఇప్పటికి ఇంతవరకే చెప్పగలము. అయితే అతని త్రాగుడుతో పోరాడుటకు ఆమెకు ఓర్పు ఇంకను కావలసియున్నది, ఇప్పుడే ఎక్కువగా కావలసియున్నది. తేడా ఏమనగా, ఇప్పుడు ఆ ఓర్పు దెబ్బలకు కాదు, ఒక మనిషి నెమ్మదిగా బాగుపడుటకు.

యాకోబు 5వ అధ్యాయమును గూర్చి ఒక మాట. కోతకాల పండుగలో మనమందరము 7వ వచనము చదువుదుము. వానకొరకు కనిపెట్టు వ్యవసాయకుని పోలిక మన రైతుల హృదయములకు దగ్గరైనది. తొలకరి పడకముందే దున్ని పెట్టుకొని ఆకాశము వంక చూచువాడు ఎవడో, ఆ ఓపిక ఎటువంటిదో మనకు తెలియును. అయితే యాకోబు ఆ మాట చెప్పకముందు 4వ వచనములో ఏమి చెప్పెను? చేలు కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదనియు, ఆ కేక దేవుని చెవులకు చేరెననియు చెప్పెను. మొదట కూలి బిగబట్టిన వానిని గద్దించి, ఆ తరువాతనే శ్రమపడువారిని ఓపిక పట్టుమనెను. వరుస మార్చరాదు.

ఇది మన ప్రాంతములో ఊరక చెప్పుకొను మాట కాదు. జనవరి మొదలు ఎండలు ముదురువరకు మిరప చేలలో కాయలు ఏరుటకు మన కోయ కుటుంబములును, ఛత్తీసుగఢ్ సరిహద్దు దాటి వచ్చు కుటుంబములును పసిపిల్లలతో సహా పోవుదురు. చేతులు మంట, కండ్లు మంట. రైతు కష్టమును మేము ఎరుగని వారము కాము. 2017 వేసవిలో మిరప ధర పడిపోయి ఖమ్మము మార్కెట్టు యార్డులో రైతులు ఎంత తల్లడిల్లిరో అందరికి గుర్తున్నది. అయినను ధర పడిన యేట మొదట ఆగిపోవునది ఎవరి డబ్బు? వ్యాపారి రైతుతో "ఓపిక పట్టు" అనును, రైతు కూలివానితో "ఓపిక పట్టు" అనును, కూలివాడు ఆకలిగొన్న బిడ్డతో ఆ మాట అనవలెను. ఓపిక ఎల్లప్పుడును పైనుండి క్రిందికే పారుచున్నయెడల అది వాగునీటి గుణమే గాని ఆత్మఫలము కాదు. మన సంఘములలో నలుగురైదుగురు మిరప రైతులు గలరు. వారు ఈ పుటను చదువుదురని మాకు తెలియును.

ఇంకొక ప్రశ్న వచ్చును. అన్యాయము ఒక దినములో తొలగదు గదా, ఏండ్లు పట్టునప్పుడు ఏమి చేయవలెను? దీనికి ప్రభువు చెప్పిన జవాబు లూకా 18లోని విధవరాలు. ఆమె న్యాయాధిపతికి దేవుని భయము లేదు, మనుష్యుల సిగ్గు లేదు. ఆమె యొద్ద డబ్బు లేదు, బలగము లేదు. ఆమెకు ఉన్నది ఒక్కటే: మరల వచ్చుట. మనము ఇటువంటి స్త్రీని చూచి "ఈమెకు ఓర్పు లేదు" అందుము. ప్రభువు ఆమెనే విసుగక ప్రార్థించువారికి మాదిరిగా నిలిపెను.

పాత నిబంధనలో రిస్పా అను ఒక స్త్రీ గలదు (2 సమూయేలు 21). ఆమె గూర్చి ప్రసంగములు వినము. తన కుమారులు చంపబడి, పాతిపెట్టబడక ఉండగా, ఆమె బండమీద గోనెపట్ట పరచుకొని కోతకాలము మొదలు వాన కురియువరకు అక్కడనే యుండి, పగలు పక్షులను, రాత్రి అడవి మృగములను తోలుచుండెను. ఒక్క మాటయైనను పలికినట్లు వ్రాయబడలేదు. ఆ సంగతి దావీదునకు తెలిసెను. తెలిసి, ఆ ఎముకలను సమకూర్చి పాతిపెట్టించెను. ఆమె నిలిచియుండుట రాజును కదిలించెను. హుపొమొనే అనగా ఇది.

మన వారికిని ఈ విద్య తెలియును. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చిన తరువాత పోడు భూమి పట్టా కొరకు దరఖాస్తు పెట్టుకొని, సర్వే అని ఒకసారి, గ్రామసభ అని ఒకసారి, కాగితము తక్కువ అని ఒకసారి తిరిగిన తండ్రులు మన బల్లలమీద కూర్చున్నారు. 2023 జూన్ చివర తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ జరిగినప్పుడు పట్టా అందుకొనిన వారున్నారు. నేటికిని అందనివారును ఉన్నారు. కాగితములు ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలములో చెక్కి దాచుకొని, పిలిచిన ప్రతిసారి చొక్కా మార్చుకొని పోయిన ఒక తండ్రి, "ఓర్పు" అను మాట ఎన్నడును అనగా మేము వినలేదు. "మళ్లొకసారి పోయొస్త" అనెడివాడు.

పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడిరని ఆదివారపు బడి పిల్లలకును తెలియును. తెల్లవారిన తరువాతి సంగతి ఎందరికి జ్ఞాపకమున్నది? రహస్యముగా వెళ్లిపొమ్మని అధికారులు కబురంపగా, పౌలు వెళ్లననెను. విచారణ లేకుండ కొట్టించినవారు తామే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననెను (అపొ. కార్యములు 16:37). రాత్రి పాడినవాడును, ఉదయము నిలదీసినవాడును ఒక్కడే. ప్రభువు సహితము చెంపదెబ్బ తినినప్పుడు, నేను సరిగా మాటలాడినయెడల ఎందుకు కొట్టుచున్నావని ఆ బంట్రౌతును అడిగెను (యోహాను 18:23). మౌనముగా సిలువ మోసినవాడే ఆ ప్రశ్న అడిగెనని మరువరాదు.

ఇంతవరకు చదివిన యౌవనస్థులు కొందరు సంతోషింతురు. "అయితే ఓర్పు అవసరము లేదు, ప్రతి కష్టమునకు వెనుక ఎవరో ఒక దోషి యుండును, వానిని పట్టుకొనవలెను" అందురు. మెల్లగా, తమ్ముళ్లారా. ప్రతి బురదకు బర్రె కారణము కాదు.

గోదావరి సంగతి చూడుడి. భద్రాచలము వంతెన యొద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చెను. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. ఈ అంకెలు మన ప్రాంతములో బైబిలు వచనములవలె కంఠతా వచ్చినవారు గలరు. 43 అడుగులు దాటినప్పుడు ముసలివారిని, గొడ్లను, వడ్లను మెరకకు చేర్పనివాడు ఓర్పుగలవాడు కాడు, సోమరి. గట్లు, రోడ్లు, శిబిరములు సరిగా లేనప్పుడు అధికారులను అడుగవలసినది అడుగవలెను. అది అంతయు చేసిన తరువాత సహితము నీరు వచ్చును. నీరు తీసిన తరువాత ఇల్లు. గోడకు నడుమెత్తున తడిచార. పొయ్యిలో బురద, మంచము క్రింద బురద, బిడ్డ పలకపెట్టెలో బురద. తేలు ఎక్కడ దాగినదో తెలియదు. దీనికి దోషి ఎవరు? ఎవరిని నిలదీసినను ఆ బురద ఎవరో వచ్చి ఎత్తరు. ఒక చేట, ఒక పార, ఒక బిందె. మొదటి దినము ఏడ్చుచు ఎత్తుదురు, మూడవ దినము మాటలు లేకుండ ఎత్తుదురు, వారము దినములకు ఎవరో ఒకరు ఏదో పరిహాసమాడి నవ్వుదురు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములో ఇండ్లలోనికి వచ్చినప్పుడు, పట్టణపువారును ఈ పాఠమే చదివిరి. శ్రమ నుండి ఓర్పు, ఓర్పు నుండి పరీక్షకు నిలిచిన గుణము, దాని నుండి నిరీక్షణ పుట్టునని పౌలు రోమా 5లో వ్రాసిన క్రమము పుస్తకములో కంటె ఆ వారము దినములలో స్పష్టముగా కనబడును.

అట్లే తిరిగిరాని బిడ్డ మరణము, మందు లేని వ్యాధి, పుట్టినప్పటినుండి మాటరాని పిల్లవాడు. వీటిముందు పోరాటపు మాటలు పనికిరావు. మేలైన పని విషయమును అంతే. అజరయ్యగారు దోర్నకలునకు బిషప్పుగా 1912 చివర అభిషేకము పొందిరి. అక్కడి పెద్ద దేవాలయము ప్రతిష్ఠింపబడుటకు 1939 వచ్చినది. దుమ్ముగూడెము యొద్ద గోదావరిపై పడవలు పోవలెనని కాటన్ దొరగారి తలంపు ప్రకారము ఆనకట్ట కట్టుచున్న కాలమున, ఆ పనిలోనున్న ఇంజనీరు హేగ్ గారి పూనికచేతనే కోయల మధ్య మిషను పని ఆరంభమాయెను. 1871లో పైగోదావరి పడవల పథకము మానివేయబడెను. సర్కారువారి పని ఆగినను మిషను ఆగలేదు. జాన్ కెయిన్ గారు అనేక సంవత్సరములు అక్కడనే యుండి, జ్వరములకు వెరవక, కోయవారి మాటను ఆచారములను నేర్చి వ్రాసిరి. పెద్ద పథకము పోయెను, ఉన్నచోట నిలిచినవారి పని నిలిచెను.

ఓర్చువాడు మూలుగవచ్చునా, దేవుని అడుగవచ్చునా అని ఒక పెద్దాయన మమ్ము అడిగెను. "ఎందుకు ప్రభువా" అన్నయెడల విశ్వాసము తక్కువని ఆయనకు ఎవరో చెప్పిరట. ఓర్పునకు మాదిరియని యాకోబు చూపిన యోబును చదువుడి. మూడవ అధ్యాయములోనే తాను పుట్టిన దినమును శపించెను. ఆ తరువాత ముప్పది అధ్యాయములకు దగ్గరగా దేవునితో వాదించెను. చివర దేవుడు ఎవరిని గద్దించెను? వాదించిన యోబును కాదు గాని, ఓర్చుకొనుమని నీతులు చెప్పిన స్నేహితులనే తన్నుగూర్చి సరిగా పలుకలేదని గద్దించెను (42:7). ఆ స్నేహితులు చేసిన మంచి పని ఒకటి గలదు. మొదటి ఏడు దినములు నోరు మెదపక అతనితో నేలను కూర్చుండిరి. ఎనిమిదవ దినము కూడ అట్లే కూర్చున్న ఎంత బాగుండెడిది!

మన భద్రాచలము గుడి కట్టించిన కంచెర్ల గోపన్నగారి కథ మన హైందవ సోదరులు ప్రతియేట చెప్పుకొందురు. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో గుడి కట్టించెనని గోలకొండలో పండ్రెండేండ్లు చెరలో నుండెనని వారు చెప్పుదురు. ఆ చెరలో ఆయన తన దేవుని పొగడుటయే గాక, చేయించిన నగల లెక్క చెప్పి నిష్ఠూరమాడెను. అది విని ఆయన భక్తి తక్కువదని మన తెలుగుదేశములో ఎవరును అనలేదు. మన కీర్తనల గ్రంథములోను 13వ కీర్తన ఎంతకాలము అని నాలుగు మార్లు అడుగుచున్నది. 88వ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. వాటిని దేవుడు తన గ్రంథములోనుండి తీసివేయలేదు.

ఒక చిన్న సంగతి చెప్పక విడువరాదు. తెలుగులో ఓర్వలేనివాడు అని ఎవరిని అందుము? నొప్పి ఓర్వలేనివానిని కాదు. పొరుగువాని మేలు ఓర్వలేనివానిని. ఇది మన భాష మనకు చేసిన గొప్ప ఉపకారము. మన సంఘసభ్యులు వరదలు ఓర్చిరి, కరవు ఓర్చిరి, ఆకలి ఓర్చిరి. పోయిన యేడు ఒకరి ఇంటికి స్లాబు పడగా ఓర్వలేకపోయిరి! ఇద్దరు గాయకబృందము మానిరి. పౌలు 1 కొరింథీ 13లో ప్రేమ దీర్ఘకాలము సహించునని చెప్పిన వెంటనే మత్సరమును ఎందుకు తెచ్చెనో, ఆ స్లాబును చూచిన తరువాత మాకు బాగుగా బోధపడెను.

ఇక ఓర్చుకొమ్మని చెప్పువారి సంగతి. గలతీ 6వ అధ్యాయములో ఒకని భారములను ఒకడు భరింపవలెనని 2వ వచనము చెప్పుచుండగా, ఎవని బరువు వాడే మోయవలెనని 5వ వచనము చెప్పుచున్నది. ఇవి విరుద్ధములని కొందరు కలవరపడుదురు. అడవినుండి కట్టెలు తెచ్చు స్త్రీలను చూచినవారికి కలవరము లేదు. ఎవరి మోపు వారి తలమీదనే యుండును. అయితే నేలనున్న మోపును తలకెత్తుటకు రెండవ మనిషి చేయి వేయవలెను, త్రోవలో దింపుకొనుటకును చేయి వేయవలెను. ఎత్తుకొనుమని దూరమునుండి కేకవేసి పోవువారిని ఆ స్త్రీలు ఏమందురో ఇక్కడ వ్రాయుట తగదు.

మన సంఘములో పక్షవాతముతో మంచము పట్టిన ఒక సహోదరుడు గలడు. రెండేండ్లుగా ఆయనను రాత్రి మూడు నాలుగు మార్లు ఒత్తిగించవలసియున్నది, లేనియెడల వీపు పుండ్లు పడును. ఈ పని ఆయన భార్య ఒక్కతెయే చేయుచున్నది. ఆమెకు ఓర్పు నేర్పవలసిన అవసరము ఎవరికిని లేదు. ఆమెకు నిద్ర కావలెను. స్త్రీల సమాజమువారు వారమునకు రెండు రాత్రులు ఆమెకు మారుగా మేలుకొనుటకు పేర్లు వ్రాసికొనుచున్నారు. పురుషులును పేరు ఇయ్యవచ్చును. ఒత్తిగించుటకు బలము కావలెను గనుక ఇచ్చినయెడల మరింత మేలు. వచ్చు నెల మొదటి రెండు వారములు నిండినవి. మూడవ వారము బుధ, శనివారముల రాత్రులకు ఇంకను ఎవరును పేరు ఇయ్యలేదు.